పట్టాకు సాయం, పంటకు అప్పు

(హనుమకొండలో జరిగిన ఒక గ్రంథాలయ సమావేశంలో విశ్రాంత గ్రామీణ బ్యాంకు ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న రైతులకు, విద్యార్థులకు నమస్కారం.

రైతుకు ప్రభుత్వ సాయం గురించి మాట్లాడమన్నారు. అది చాలా పెద్ద సంగతి. ఉచిత కరెంటు ఉంది, ఎరువుల రాయితీ ఉంది, సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఉంది. అన్నీ చెప్పుకుంటూ పోతే సగంలోనే మీరు భోజనానికి లేస్తారు. కాబట్టి ఖాతాలో నేరుగా పడే డబ్బు వరకే, అది పొలం దున్నే కౌలు రైతుకు ఎందుకు అందడం లేదో చెబుతాను. బ్యాంకు కౌంటర్ వెనక కూర్చుని పనిచేసినవాణ్ణి. డబ్బు ఎవరి పేరు మీద వచ్చింది, వచ్చాక ఎటు పోయింది అన్నది నాకు కళ్ళారా తెలిసిన విషయం.

ముందు కాస్త లెక్క చెప్పుకుందాం. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర రైతుబంధు మొదలైంది. ఎకరానికి సీజన్‌కు 4,000 రూపాయలు. ఆ మొదటి వానాకాలం చెక్కులు పంచారు. మీలో చాలామంది వరుసలో నిలబడి తీసుకునే ఉంటారు. ఒక చేతిలో కొత్త పట్టాదారు పాసుపుస్తకం, ఇంకో చేతిలో చెక్కు. తర్వాత ఖాతాల్లోనే వేయడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది అది 5,000 అయింది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. పేరు రైతు భరోసాగా మారి, 2025 జనవరి 26 నుంచి సీజన్‌కు 6,000, అంటే ఏడాదికి ఎకరానికి 12,000 అయింది. పాత ప్రభుత్వం ఉన్నన్నాళ్లూ పంచింది మొత్తం 70 వేల కోట్లు దాటింది. ఇది కాక కేంద్రం 2019 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పీఎం కిసాన్ ఉంది. ఏడాదికి 6,000, మూడు విడతలు. అక్కడ ఎకరాల లెక్క లేదు, కుటుంబానికి ఇంతే.

ఈ రెండింటికీ ఇంకో తేడా ఉంది. పీఎం కిసాన్‌లో ఆదాయపు పన్ను కట్టేవారు, నాలుగో తరగతి వారిని మినహాయించి మిగతా ప్రభుత్వ ఉద్యోగులు, డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు, పది వేలకు పైగా పెన్షన్ వచ్చేవారు అనర్హులు. మన రాష్ట్ర పథకంలో అలాంటి వడపోత లేదు. భూ గరిష్ఠ పరిమితి చట్టం ప్రకారం మెట్ట భూమి 54 ఎకరాల దాకా ఉంచుకోవచ్చు కదా, ఆ 54 ఎకరాలు ఉన్న ఆసామికి ఇప్పటి లెక్కన ఏడాదికి 6 లక్షల 48 వేలు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన రాష్ట్రంలో సగటు కమతం ఒక హెక్టారు, రెండున్నర ఎకరాలు. ఆ సగటు రైతుకు 30 వేలు. పెద్ద కమతాలు మన దగ్గర చాలా తక్కువ, నూటికి 88 మంది చిన్న, సన్నకారు రైతులే. కాబట్టి 54 ఎకరాల ఆసామి గురించి టీ కొట్టు దగ్గర ఎంత కోపంగా మాట్లాడుకున్నా, ఖజానాకు పడే చిల్లు అక్కడ పెద్దది కాదు. ఇవ్వకూడదంటే ఆపేయండి, నాకేం అభ్యంతరం లేదు. కొండలకు, రాళ్ల గుట్టలకు, ప్లాట్లు చేసిన భూములకు ఇవ్వమని 2025లో అన్నారు, మంచిదే. కానీ అసలు సంగతి అది కాదు.

అసలు సంగతికి వచ్చే ముందు ఒక మాట. నేను ఈ పథకాన్ని తిట్టడానికి రాలేదు. డబ్బు పడిన రోజు బ్యాంకు ఎలా ఉంటుందో చూసినవాణ్ణి. వానాకాలానికి విత్తనం కొనాల్సిన వేళ, ఎవరి కాళ్లావేళ్లా పడకుండా, ఎవరికీ చేయి తడపకుండా, ఎకరం భూమి ఉన్న మనిషికి ప్రభుత్వం సొమ్ము అందడం చిన్న విషయం కాదు. దుకాణంలో ఉద్దెర పెట్టకుండా రెండు పత్తి విత్తనాల ప్యాకెట్లు, ఒక డీఏపీ బస్తా తెచ్చుకోగలిగాడంటే ఆ సీజన్ మొత్తం ఆ దుకాణందారు ముందు తల వంచుకోనక్కర్లేదు. కొన్ని బ్యాంకులు ఆ డబ్బును పాత పంట రుణం కింద పట్టుకున్నాయి. ఖాతాలో అంకె కనిపిస్తుంది, చేతికి రాదు. అది వేరే గొడవ, ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఒక సీజన్‌లో ఇలాగే డబ్బు పడిన రోజు. నేను క్యాష్ కౌంటర్‌లో ఉన్నాను. ఒక పెద్దాయన వచ్చాడు, మోకాళ్ల నొప్పులు, చేతికర్ర. ఆయన్ని బండి మీద తీసుకొచ్చినవాడు నలభై ఏళ్ల మనిషి, వేళ్లకు పురుగుమందు వాసన ఇంకా పోలేదు. పెద్దాయన విత్‌డ్రాయల్ ఫారం మీద వేలిముద్ర వేశాడు, నేను రైతుబంధు డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. ఆయన లోపలి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు రెండోవాడు తన సంచిలోంచి ఒక కట్ట తీసి, అదే కౌంటర్ గట్టు మీద పెట్టి లెక్కపెట్టి, "ఇదిగో బాపూ, కౌలు బాకీ" అని ఆయన చేతికే ఇచ్చాడు. పెద్దాయన దాన్ని కూడా జేబులో పెట్టుకుని, "ఈసారి మిర్చి పెట్టకు బిడ్డా, పోయినేడు మునిగినవ్" అన్నాడు. ఇద్దరూ కలిసి వచ్చారు, కలిసే వెళ్లారు. వాళ్ల మధ్య తగవు లేదు. ఒకే పొలానికి సంబంధించిన రెండు డబ్బులు, ప్రభుత్వం ఇచ్చిందీ, దున్నినవాడు ఇచ్చిందీ, ఒకే జేబులోకి వెళ్లాయి. ఆ పొలంలో విత్తనం వేసేవాడు తిరిగి దుకాణందారు దగ్గరికే పోయాడు, అప్పుకు.

దీన్ని అంకెల్లో చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. నాలుగెకరాల చెల్క, పత్తి. ఎకరానికి కౌలు పన్నెండు వేలు అనుకుందాం. మన నర్సంపేట, పరకాల వైపు అటూ ఇటూగా అంతే ఉంటుంది, నీళ్లున్న మిర్చి భూమి అయితే ఇంకా చాలా ఎక్కువ. కౌలు 48 వేలు. ప్రభుత్వం నుంచి ఆ నాలుగెకరాలకు ఏడాదికి వచ్చేదీ 48 వేలే. రెండూ పట్టాదారుకే. దున్నేవాడికి కౌలు కాక పెట్టుబడి ఎకరానికి ముప్పై వేలు వేసుకున్నా లక్షా ఇరవై వేలు. పట్టా ఉన్నవాడికి బ్యాంకులో పంట రుణం, సకాలంలో కడితే 4 శాతం వడ్డీ. ఎనిమిది నెలలకు 3,200 రూపాయలు. కౌలు రైతుకు బ్యాంకు తలుపు తెరుచుకోదు, కాబట్టి ఎనుమాముల మార్కెట్‌లో అడ్తిదారు దగ్గరో, ఊళ్లో ఎరువుల దుకాణంలోనో రెండు రూపాయల వడ్డీ. అవే ఎనిమిది నెలలకు 19,200. పైగా ఎవరి దగ్గర అప్పు తీసుకుంటే పంట వాళ్లకే అమ్మాలి, వాళ్లు చెప్పిన ధరకే. ఆ నష్టం నా లెక్కలో వేయలేదు.

వర్షం దెబ్బతీసిన ఏడాది సంగతి చూడండి. 2023 మార్చిలో వడగళ్లు పడ్డప్పుడు అప్పటి ముఖ్యమంత్రి మన దుగ్గొండి మండలానికి కూడా వచ్చారు. ఎకరానికి 10 వేలు ప్రకటించారు, కౌలు రైతులకూ అందాలని చెప్పారు. చెప్పడం మంచిదే. కానీ ఆ పొలం ఎవరు దున్నుతున్నారని అధికారి దగ్గర కాగితం ఉండాలి కదా. కాగితం లేనిచోట ఏం జరుగుతుంది? పెద్దమనుషుల సమక్షంలో మాట్లాడుకుంటారు. యజమాని మంచివాడైతే వస్తుంది, లేకపోతే లేదు. 2020లో కేంద్రం పంటల బీమా పథకమైన ఫసల్ బీమా నుంచి రాష్ట్రం బయటికి వచ్చింది కాబట్టి ఆ ఆశ కూడా లేకపోయింది. ఇక రైతు బీమా సంగతి. 2018 ఆగస్టు 15 నుంచి, 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా ఇంటికి 5 లక్షలు. నేను చూసిన పథకాల్లో ఇంత చప్పున అందిన సాయం ఇంకోటి లేదు. అదీ పట్టా పేరు మీదే. పురుగుమందు తాగిన కౌలు రైతు ఇంటికి ఆ 5 లక్షలు పోవు. 1998లో పత్తి పోయి మన జిల్లాలో రైతులు ఒకరి వెంట ఒకరు ప్రాణాలు తీసుకున్న రోజులు ఇక్కడున్న పెద్దలకు గుర్తే. పట్టా లేకుండా, ప్రైవేటు అప్పుతో పత్తి వేసినవాడికి ఆనాడు ఏ ఆసరా లేదు.

ఇలాంటివాళ్లు ఎంతమంది అంటారా? రైతు స్వరాజ్య వేదిక వాళ్లు 2022లో 20 ఊళ్లలో 7,744 మంది రైతులను అడిగితే 36 శాతం మంది కౌలు భూమి చేస్తున్నామన్నారు. ప్రభుత్వం దగ్గర ఇలాంటి లెక్క ఏదని అడగకండి. అడిగేవాడికి చూపించే గడినే భూమి రికార్డులోంచి తీసేశారు.

ఆ గడి కథ వినండి, ఇది విద్యార్థులకు. పాత పహాణీ, అంటే ఊరి భూముల సాగు రికార్డు, చూసే ఉంటారు, పొడుగ్గా బోలెడు గళ్లు. అందులో పట్టాదారు పేరుకు ఒక గడి, అనుభవంలో ఉన్నవాడి పేరుకు ఇంకో గడి ఉండేవి. ఏటా జమాబందీకి ఊళ్లో ఎవరు ఏ సర్వే నంబరు దున్నుతున్నారో రాసేవాళ్లు. తప్పులు రాసేవాళ్లు, డబ్బులు తీసుకుని రాసేవాళ్లు, అదంతా నిజమే. 2017 సెప్టెంబరులో భూ రికార్డుల ప్రక్షాళన మొదలుపెట్టి, కొత్త పుస్తకాలు ఇచ్చి, 2020 అక్టోబరు 29న భూ రికార్డుల పోర్టల్ ధరణి తెచ్చేసరికి అనుభవదారు గడి మాయమైంది. గ్రామ రెవెన్యూ అధికారి కూడా మాయమయ్యాడు. రికార్డు శుభ్రమైంది, ఒక పేరు, ఒక పుస్తకం, ఒక ఖాతా. డబ్బు పంపేవాడికి ఎంతో సులువు. రైతుబంధు అంత వేగంగా పడడానికి కారణమూ అదే, కౌలు రైతు లెక్కల్లోంచి జారిపోవడానికి కారణమూ అదే. అప్పటి ప్రభుత్వం దాచిపెట్టలేదు కూడా. కౌలు అన్నది యజమానికీ, కౌలుదారుకూ మధ్య విషయం, మేం తలదూర్చం అని బహిరంగంగానే చెప్పింది. 2022 మే 6న ఇదే హనుమకొండలో, ఆర్ట్స్ కాలేజీ మైదానంలో, అప్పటి ప్రతిపక్షం ఎకరానికి 15 వేలు కౌలు రైతుకూ ఇస్తామని ప్రకటించింది. వాళ్లు అధికారంలోకి వచ్చారు. 15 వేలు 12 వేలయింది, అది పట్టా వెంటే పోతోంది. నేను ఏ పార్టీ మనిషినీ కాను. రెండు ప్రభుత్వాలకూ రికార్డు ఒకటే, అందులో గళ్లూ ఒకటే. ఫలితం వేరుగా ఎలా ఉంటుంది?

కౌలు రైతే కాదు, ఇంకా ఉన్నారు. తెల్లకాగితం మీద భూమి కొనుక్కుని ముప్పై ఏళ్లుగా దున్నుతున్నా పాసుపుస్తకం రానివాళ్లున్నారు. సాదాబైనామాల కోసం 2020లో వచ్చిన దరఖాస్తులే దాదాపు 9 లక్షలు. ఏళ్ల తరబడి అవి అలాగే ఉండిపోయాయి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు పోడు భూములవాళ్లున్నారు. 2023లో రాష్ట్రమంతటా నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చి వాళ్లకూ సాయం వర్తింపజేశారు. కాగితం వచ్చింది, డబ్బు వచ్చింది.

భూమి లేని కూలీలకు 2025 జనవరిలో ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పెట్టారు. ఏడాదికి 12 వేలు, అంతకుముందు ఏడాది ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉండాలి. మరి పది గుంటల పట్టా ఉండి, నాలుగెకరాలు కౌలుకు చేసేవాడు? భూమి ఉంది కాబట్టి కూలీ కాదు. రైతు భరోసా కింద పది గుంటలకు వచ్చేది సీజన్‌కు 1,500. అక్కడా లేడు, ఇక్కడా సరిగా లేడు. మన ఊళ్లలో కౌలు రైతుల్లో ఎక్కువమంది ఇలా కాస్తో కూస్తో సొంత భూమి ఉన్నవాళ్లే.

పాలకుర్తి ఇక్కడికి ఎంత దూరం? చాకలి ఐలమ్మ విగ్రహానికి ఏటా దండలు వేస్తాం, కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టుకున్నాం. ఐలమ్మ దున్నింది పట్టా భూమి కాదు. మల్లంపల్లి భూస్వామి దగ్గర కౌలుకు పట్టిన భూమి. ఆ పంట కోసమే విసునూరు దేశ్‌ముఖ్ మనుషులతో తలపడింది. ఈ రోజు ఆమె ఉంటే రైతుల సమావేశాలకు కట్టిన రైతు వేదికకు వచ్చి కూర్చోవచ్చు, సాయం జాబితాలో మాత్రం పేరుండదు.

యజమానులు ఎందుకు భయపడతారో కూడా ఆ చరిత్రలోనే ఉంది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించింది. తర్వాత 38-ఇ సెక్షన్ కింద చాలామందికి యాజమాన్య హక్కే వచ్చింది. అది న్యాయమే. కానీ డెబ్బై ఏళ్లయినా ఊళ్లో ఆ జ్ఞాపకం పోలేదు. కౌలుదారు పేరు ఏ కాగితం మీద రాసినా భూమి పోతుందన్న భయం తండ్రి నుంచి కొడుకుకు వచ్చింది. అందుకే నోటి మాట కౌలు, అందుకే ఏటా పొలం మార్పు.

పైగా ఇప్పటి యజమాని దొర అనుకుంటే పొరపాటు. నా కౌంటర్‌కు వచ్చిన పట్టాదారుల్లో భర్త పోయి రెండెకరాలు కౌలుకు ఇచ్చి బతికే ఆడవాళ్లున్నారు. భివండికో, సూరత్‌కో మగ్గం పనికి పోయినవాళ్లున్నారు. పిల్లలు అమెరికాలో ఉన్న టీచర్లూ ఉన్నారు, లేరనను. కౌలు ఇచ్చినవాళ్లందరికీ సాయం ఆపి దున్నేవాడికి వేయండి అని వేదిక మీద అనడం తేలిక. అలా చేస్తే మొదట దెబ్బ తినేది ఆ ఒంటరి ఆడమనిషి. రెండో దెబ్బ కౌలు రైతుకే. యజమాని ఊరుకుంటాడా? కౌలు ఆ మేరకు పెంచుతాడు, లేదా "నేనే చేస్తున్నా" అని రాయించుకుని భూమి బీడు పెడతాడు. ఈ మాట కౌలు రైతు సంఘాల మిత్రులకు నచ్చకపోవచ్చు. కానీ ఊళ్లో ఇదే జరుగుతుంది.

మరి ఏం చేయాలి? నా ఉద్దేశంలో ముందు డబ్బు సంగతి పక్కన పెట్టి, దున్నేవాడి పేరు రాయడం మొదలుపెట్టాలి. రాసిన పేరుతో మొదట ఇవ్వాల్సింది పంట రుణం, పంట నష్టపరిహారం, రైతు బీమా, కొనుగోలు కేంద్రంలో తన పేరు మీద అమ్ముకునే హక్కు. వీటిలో ఏదీ పట్టాదారు జేబులోంచి తీసేది కాదు. యజమానికి తగవు పెట్టుకోవడానికి కారణమే ఉండదు. ఆ తర్వాత పెట్టుబడి సాయంలో వాటా గురించి మాట్లాడవచ్చు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలోనే సాగుదారుల చట్టం చేశారు. కౌలు రైతుకు ఏడాదికి చెల్లే రుణ అర్హత కార్డు ఇవ్వాలి. ఆ కార్డుతో రుణం, రాయితీ, బీమా, పరిహారం పొందవచ్చు. భూమి మీద మాత్రం ఏ హక్కూ రాదని చట్టంలోనే స్పష్టంగా ఉంది. యజమాని సంతకం కూడా అడగలేదు. పక్క రాష్ట్రంలో 2019లో వేరే చట్టం తెచ్చి యజమాని సంతకం తప్పనిసరి చేశారు, చాలామంది అక్కడే ఆగిపోయారు. సంతకం కోసం యజమాని ఇంటి ముందు నిలబడే ధైర్యం ఉన్నవాడికి కార్డుతో పనేముంది? మన దగ్గర 2011 చట్టాన్ని ఎవరూ రద్దు చేయలేదు. కార్డులు ఇవ్వడమే మానేశారు. మొదట్లో ఆ కార్డులు నా దగ్గరికీ వచ్చేవి. బ్యాంకువాళ్లం వాటిని చూసి ముఖం చిట్లించేవాళ్లం, అది నేను కాదనను. ఒకే సర్వే నంబరు మీద పట్టాదారు రుణం అప్పటికే ఉంటే రెండో రుణం ఎలా ఇవ్వాలి అన్నది బ్యాంకుకు నిజమైన చిక్కే. భూమి మీద కాకుండా పంట మీద, నలుగురైదుగురిని ఒక బృందంగా చేసి ఇచ్చే పద్ధతి గ్రామీణ రుణాలు చూసే జాతీయ బ్యాంకు నాబార్డు ఎప్పుడో చెప్పింది. పనిచేసినచోట బాగానే పనిచేసింది. కౌలు రైతు బాకీ ఎగ్గొడతాడన్నది బ్యాంకు గదుల్లో పుట్టిన మాట. వచ్చే ఏడు అదే ఊళ్లో పొలం పట్టుకోవాల్సినవాడు పరువు పోగొట్టుకోడు.

పేరు రాసేది ఎవరు, వీఆర్వో లేడు కదా అంటారు. పంట నమోదు ఉంది. ప్రతి సీజన్‌లో వ్యవసాయ విస్తరణాధికారి సర్వే నంబరు వారీగా తిరిగి ఎక్కడ పత్తి, ఎక్కడ వరి, ఎన్ని ఎకరాలు అని ట్యాబ్‌లో ఎక్కిస్తారు. కొన్ని ఊళ్లు కలిపి ఒక క్లస్టర్, రాష్ట్రంలో అలాంటివి 2,601, ప్రతి దానికీ ఒక రైతు వేదిక. మొదటి వేదిక తెరిచింది మన కొడకండ్లలోనే. పొలం గట్టు మీద నిలబడి ఏ పంటో రాసే అధికారికి, ఆ పంట వేసింది ఎవరో తెలియదంటే నేను నమ్మను. వివరాలు చెప్పేదే ఆ దున్నేవాడు. పంట పేరు ఎక్కించే చోటే సాగుదారు పేరు, ఫోను నంబరు ఎక్కించడానికి ఇంకో గడి చాలు. ఆ జాబితాను గ్రామసభలో చదివి వినిపిస్తే అబద్ధం పేర్లు అక్కడే తేలిపోతాయి. ఊళ్లో ఎవరు ఎవరి చెల్క చేస్తున్నారో తెలియనివాడు లేడు.

2025 ఏప్రిల్ 14 నుంచి ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. పట్టా తప్పులు దిద్దడానికి అధికారాలు కిందికి ఇచ్చారు, సాదాబైనామాలకు దారి తెరిచారు. ఆ పని జరిగేటప్పుడే ఈ గడి గురించీ అడగాలి. రికార్డు ఒకసారి గట్టిపడితే మళ్లీ తెరిచేది ఎన్నేళ్లకో.

నేను చెప్పాల్సింది ఇంతే. మూడో వరుసలో మన క్లస్టర్ విస్తరణాధికారి కూర్చుని ఉన్నారు, ఆమెను ఇబ్బంది పెట్టాలని కాదు. అమ్మా, మీ ట్యాబ్‌లో ఇప్పుడు సాగుదారు పేరుకు చోటు ఉందా, ఉంటే ఎందుకు నింపడం లేదు, లేకపోతే పెట్టించాలంటే ఎవరికి రాయాలి, కాస్త వేదిక మీదికి వచ్చి చెప్పండి. మైకు ఆమెకు ఇవ్వండి.